తుపాకి బట్‌లో నూనె సీసా

ఆర్కే బీచ్‌లో కురుసురా జలాంతర్గామి ఎక్కిన పిల్లలు టార్పెడో గొట్టాల దగ్గర కదలరు. ముందు ఆరు, వెనక నాలుగు. విశాఖలో నేవీ అనగానే పెద్ద ఆయుధాలే గుర్తొస్తాయి. యుద్ధనౌకలో తాళం వేసి ఉంచే రైఫిళ్ల గురించి అడిగేవాళ్లు తక్కువ.

1971 యుద్ధానికి ముందు పదేళ్లూ మన సేనల చేతిలో తుపాకి మారుతున్న కాలం. త్రీ నాట్ త్రీ లీ ఎన్‌ఫీల్డ్ తప్పుకుంటోంది, ఇషాపూర్ ఫ్యాక్టరీ చేసిన 7.62 ఎంఎం ఎస్‌ఎల్‌ఆర్ వస్తోంది.

త్రీ నాట్ త్రీని సముద్రం మీద కాపాడుకోవడం ఓ విద్య. బట్ చివరి పలకకు చిన్న మూత ఉంటుంది. తెరిస్తే లోపల బుల్లి నూనె సీసా, చుట్టి పెట్టిన తాడు. తాడుకు ఒక కొసన ఇత్తడి బరువు, రెండో కొసన గుడ్డ పీలిక. బరువును గొట్టంలోకి జారవిడిచి, అవతలి నుంచి ఒక్క ఊపున లాగాలి.

కాల్చిన రోజున అదొక్కటే చాలదు. పాతకాలం తూటాల ప్రైమర్ గొట్టంలో ఉప్పు మిగిల్చేది. అది తేమను పట్టి ఉక్కును తినేసేది. అందుకే మరిగే నీళ్లతో కడిగి, తడి ఆర్చి, నూనె పట్టించేవారు. ఉప్పుగాలి కిటికీ ఊచల్ని ఏం చేస్తుందో విశాఖవాసులకు వేరే చెప్పాలా!

నౌకలో రైఫిల్ దేనికన్న ప్రశ్న పాతదే. మొదటి ప్రపంచయుద్ధంలో తుపాకులు చాలక, బ్రిటిష్ నేవీ తన లీ ఎన్‌ఫీల్డ్‌లను సైన్యానికిచ్చి జపాన్ అరిసాకాలతో సరిపెట్టుకుంది.

జవాబు బంగాళాఖాతంలో దొరికింది. 1971 నవంబరులో విశాఖలో ఈస్టర్న్ ఫ్లీట్ ఏర్పడింది. డిసెంబరు 3 అర్ధరాత్రి ఈ తీరంలోనే పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగింది. ఆ కథ ఊరంతా చెప్పుకుంటుంది. అదే యుద్ధంలో ఫ్లీట్ వర్తక నౌకల్నీ ఆపి సోదా చేసింది. ఓడను ఆపడానికి ఫిరంగి చాలు. సోదాకు మాత్రం మనుషులే నిచ్చెనెక్కాలి. పైన ఎవరున్నారో తెలియదు. అప్పుడు భుజాన ఉన్న తుపాకి బోల్టు ఇరుక్కోకూడదు. శాంతికాలంలో ఏ కుర్రాడో విసుక్కోకుండా రుద్దిన నూనె విలువ అక్కడ తెలుస్తుంది.

ఆ రోజుల్లో ఇరవై ఏళ్లున్న నావికులు ఇప్పుడు డెబ్బై దాటారు. మల్కాపురంలోనో గాజువాకలోనో మీ ఇంట్లో, పక్కింట్లో అలాంటి తాతయ్య ఉంటే ఈ ఆదివారమే కూర్చోబెట్టి అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టండి.