ఎక్కడిదాకా బాగుంది?

అమెరికాలో ఏఓఎల్ సంస్థ 2025 సెప్టెంబరు 30న డయలప్ ఇంటర్నెట్ సేవను ఆపేసింది. ఆ వార్త చదవగానే నాకు లినక్స్, దాంతోపాటు ఇంటర్నల్ మోడెమ్ గుర్తొచ్చాయి. 2000 తర్వాతి నాలుగైదేళ్లలో మన ఊళ్లలో అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్లు చాలావాటిలో చవక మోడెమ్ కార్డు ఒకటి లోపలే బిగించి ఉండేది. విండోస్‌లో అయితే దాంతో వచ్చిన సీడీ పెట్టి నాలుగు నొక్కులు నొక్కితే పని అయిపోయేది. పీసీక్వెస్ట్ లాంటి పత్రికలు సీడీల్లో ఇచ్చిన లినక్స్ ఎక్కించుకుంటే మాత్రం ఆ కార్డు ఉలకదు, పలకదు. దాన్ని పలికించడం గుంటూరులో నేను ఇష్టపడి నేర్చుకున్న పని. యంత్రాల గురించి నాకు తెలిసినదాంట్లో సగం అక్కడ అబ్బిందే.

మోడెమ్‌లో రెండు పనులుంటాయి. కంప్యూటర్ ఇచ్చే ఆదేశాలు అందుకుని నడిపించేది కంట్రోలర్. అంకెల్ని శబ్దంగా, శబ్దాన్ని అంకెలుగా మార్చే లెక్కలు చేసేది డీఎస్‌పీ. సీరియల్ పోర్టుకు తగిలించే బయటి మోడెమ్‌లో రెండూ ఉంటాయి. అందుకే లినక్స్ దానితో పేచీ పెట్టుకోలేదు. ఇంటర్నల్ కార్డుల ధర తగ్గించడానికి కంపెనీలు కొన్నిట్లో కంట్రోలర్‌ని తీసేశాయి, మరికొన్నిట్లో డీఎస్‌పీని కూడా తీసేసి, ఆ పనంతా డ్రైవర్ ద్వారా సీపీయూ నెత్తిన పెట్టాయి. లూసెంట్ కార్డులు మొదటి రకం. కోనెక్సంట్ హెచ్‌ఎస్‌ఎఫ్, స్మార్ట్‌లింక్ రెండో రకం. టెలిఫోన్ ఎక్స్ఛేంజి మన గొంతును సెకనుకు 8000 సార్లు కొలుస్తుంది. రెండో రకం కార్డులో దానికి దీటుగా లైను మీది శబ్దాన్ని ఎప్పటికప్పుడు లెక్కగట్టాల్సింది సీపీయూయే. అది వేరే పనిలో మునిగిపోతే లైను తెగేది. డ్రైవర్లను విండోస్‌కే రాసిచ్చారు గనక ఈ కార్డులకు విన్‌మోడెమ్‌లనే పేరు స్థిరపడింది.

బ్రాడీపేటలో ఉండే మా లెక్కల మాస్టారు లినక్స్‌లో మోడెమ్ పలకట్లేదని ఒకరోజు కబురు పెట్టారు. "ఏం పోయిందిరా దీనికి?" అని అడిగారు. "ఏం పోయిందో తర్వాత చూద్దాం మాస్టారూ, ఎక్కడిదాకా బాగుందో ముందు తేలుద్దాం" అన్నాను. కరెంటు పోయిన ఇంట్లో ఎలక్ట్రీషియన్ టెస్టరు పట్టుకుని మీటరు దగ్గర్నుంచి మొదలెట్టినట్టే ఇదీను. బాగున్న చోటు నుంచి ఒక్కో అడుగే ముందుకు వేయాలి.

మొదటి అడుగు, కంప్యూటర్‌కి కార్డు కనబడుతోందా? మోడెమ్ అట్టపెట్టె మీద చిప్ పేరు సాధారణంగా ఉండేది కాదు. ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ అనే కమాండు కొడితే కార్డు తయారీదారు సంఖ్య చెబుతుంది. 11సి1 అయితే లూసెంట్, 14ఎఫ్1 అయితే కోనెక్సంట్, 8086 అయితే ఇంటెల్. మాస్టారి కంప్యూటర్‌లో 11సి1 వచ్చింది. క్యాబినెట్ పక్క రేకు విప్పి టార్చి వేస్తే చిప్ మీద 1646 అన్న అంకె కూడా కనిపించింది. లూసెంటే. ఇక్కడిదాకా బాగుంది.

రెండో అడుగు డ్రైవర్. ఇక్కడొక చిక్కుముడి. నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ తెచ్చుకోవాలంటే నెట్ కావాలి. అరండల్‌పేటలో నెట్ సెంటర్‌కి వెళ్లి దింపుకుని, ఫ్లాపీలో వేసుకుని తిరిగి రావాలి. తెచ్చినదాన్ని ఆ కంప్యూటర్లో నడుస్తున్న కెర్నల్‌కి సరిగ్గా సరిపోయేలా అక్కడే కంపైల్ చెయ్యాలి. కెర్నల్ వెర్షన్లో చివరి అంకె తేడా వచ్చినా డ్రైవర్ మాడ్యూల్ ఎక్కదు. "అన్‌రిజాల్వ్డ్ సింబల్" అంటూ తెర నిండా వరసలు దిగుతాయి. చూసి కంగారుపడతారు గానీ, ఆ వరసలే అసలు సాయం. ఏ పేరు దొరకలేదో, ఏ ఫైల్ వెతుకుతోందో అవి అక్షరాలా చెబుతాయి. పై వరస నుంచి చదవాలి, కిందివి చాలావరకు దాని పర్యవసానాలే.

మూడో అడుగు, మోడెమ్ మాట్లాడుతోందా? మోడెమ్‌కి ఆదేశాలు పంపే మినీకామ్ ప్రోగ్రామ్ తెరిచి ఏటీ అని కొడితే ఓకే అని బదులు రావాలి. హేస్ కంపెనీ 1981లో తెచ్చిన స్మార్ట్‌మోడెమ్ నుంచి వస్తున్న పద్ధతి అది. మాస్టారింట్లో ఓకే వచ్చింది, డయల్ చేస్తే మాత్రం "నో డయల్‌టోన్" అంది. రిసీవర్ చెవిన పెట్టుకుంటే టోన్ చక్కగా వినబడుతోంది. అంటే లైను బాగుంది, మన ఎక్స్ఛేంజి టోన్‌ని ఆ మోడెమ్ గుర్తుపట్టట్లేదు. ఏటీఎక్స్3 అని ఆదేశిస్తే టోన్ కోసం చూడకుండా డయల్ చేస్తుంది. చేసింది. అవతలి మోడెమ్ 2100 హెర్ట్జ్ స్వరంతో బదులిచ్చింది, గరగరలు, బుసలు అయ్యాయి, తెర మీద "కనెక్ట్" అని పడింది.

అయినా వెబ్‌సైట్ తెరుచుకోలేదు. నాలుగో అడుగు లాగిన్. డబ్ల్యూవీడయల్ ప్రోగ్రామ్ లాగిన్ ప్రశ్న కోసం ఎదురుచూస్తుంటే, అవతలి సర్వర్ నేరుగా పీపీపీ ప్రోటోకాల్ మొదలవుతుందని కాచుకుని ఉంది. సెట్టింగుల్లో "స్టుపిడ్ మోడ్" అనే వరస చేరిస్తే ఆ ప్రతిష్టంభన తొలగింది. చివరి అడుగు, అంకెల చిరునామాకి పింగ్ వెళ్తోంది గానీ పేరు కొడితే వెళ్లట్లేదు. డీఎన్ఎస్ చిరునామా ఫైల్లో రాశాం. మాస్టారు తెరిచిన మొదటి పేజీ పైనుంచి కిందికి మెల్లగా నిండుతుంటే ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

ఈ పద్ధతి ఒకచోట ఆగిపోయేది. లూసెంట్ డ్రైవర్ ప్యాకేజీలో కెర్నల్‌తో కలిపే పైపొర సోర్స్ మాత్రమే మనకు ఇచ్చారు. మోడెమ్‌ని నిజంగా నడిపే భాగం ఒకే ఒక్క బైనరీ ఫైల్. స్మార్ట్‌లింక్‌దీ అదే తీరు. తప్పు ఆ ఫైల్ లోపల ఉంటే ఎవరూ ఏమీ చేయలేరు. కోనెక్సంట్ కార్డులకు డ్రైవర్ అమ్మిన కెనడా కంపెనీ లినక్సాంట్ ఉచిత వెర్షన్‌ని సెకనుకు 14.4 కిలోబిట్ల దగ్గర ఆపేసింది, పూర్తి వేగం కావాలంటే లైసెన్సు కొనాలి. 2004 ఏప్రిల్‌లో ఆ డ్రైవర్ గురించి ఇంకో సంగతి బయటపడింది. లైసెన్సు చెప్పే వరసలో జీపీఎల్ అన్న అక్షరాల వెనక సున్నా బైట్ పెట్టారు. కెర్నల్ అక్కడిదాకానే చదివి ఇది స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే అనుకునేది. హెచ్చరికలు పదేపదే వచ్చి వాడేవాళ్లు కంగారు పడకూడదనే అలా చేశామని కంపెనీ వివరణ ఇచ్చింది. ఉద్దేశం ఏదైనా, అడిగినవాడికి తప్పు సమాధానం చెప్పే ఏర్పాటు అది. దాన్ని నేను సమర్థించలేను. ఎక్కడిదాకా బాగుందో తేల్చుకోవాలంటే ప్రతి అడుగూ నిజం చెప్పాలి.

ఆ బైనరీ అవసరమే లేకుండా చేద్దామని ప్రయత్నించినవాళ్లూ ఉన్నారు. తర్వాత క్యూఈఎంయూ ఎమ్యులేటర్‌తో ప్రసిద్ధుడైన ఫ్రెంచి ప్రోగ్రామర్ ఫాబ్రీస్ బెల్లార్డ్ లిన్‌మోడెమ్ పేరుతో పూర్తిగా తెరిచిన సాఫ్ట్‌వేర్ మోడెమ్ రాయడం మొదలుపెట్టాడు. అది రోజూ వాడుకునే స్థాయికి చేరకముందే బ్రాడ్‌బ్యాండ్ వచ్చేసింది, మోడెమ్ అవసరమే తగ్గిపోయింది. లోపల ఏముందో చెప్పని కార్డులు అలాగే పాతసామాన్ల కొట్టుకి చేరాయి.

ఇప్పుడు ఆ చోటులో వైఫై చిప్పులున్నాయి, వేలిముద్ర రీడర్లున్నాయి, ఫోన్ల లోపలి మోడెమ్‌లున్నాయి. అదే కథ నడుస్తోంది. ల్యాప్‌టాప్ కొనబోయేవాళ్లకు నా మనవి ఒకటే. దుకాణంలో లైవ్ లినక్స్ పెన్‌డ్రైవ్ పెట్టి చూపించమని అడగండి, వైఫై, సౌండ్ పనిచేస్తేనే డబ్బు కట్టండి. ఇంజనీరింగ్ కాలేజీల్లో పాఠాలు చెప్పే మాస్టార్లకు ఇంకో మనవి. ల్యాబ్‌లో అన్నీ పనిచేసే కంప్యూటర్లే ఇవ్వకండి. నెట్ రాని యంత్రం ఒకటి ఇచ్చి, ఎక్కడిదాకా బాగుందో కాగితం మీద రాసిమ్మనండి. రిపేరు చేయడం అక్కడే మొదలవుతుంది.