అలారం గడియారం చుట్టూ అల్లిన కథ

పండుగ ప్రకటన అనగానే మనకు అంకెలే కళ్ల ముందు మెదులుతాయి: ఎంత శాతం తగ్గింపు, ఏ తేదీ వరకు, ఒకటి కొంటే ఎన్ని ఉచితం. బ్రిటన్‌లోని జాన్ లూయిస్ డిపార్ట్‌మెంట్ స్టోర్ 2013 క్రిస్మస్‌కి విడుదల చేసిన ‘ది బేర్ అండ్ ది హేర్’లో ధర లేదు, తగ్గింపు ఊసే లేదు. రెండు నిమిషాలు దాటిన ఆ చిన్న చిత్రాన్ని విప్పి చూస్తే ఒక్క కీలు కూడా వదులుగా కనిపించదు.

కథ చాలా చిన్నది. ఎలుగుబంటి, కుందేలు స్నేహితులు. చలికాలమంతా గుహలో నిద్రపోయే ఎలుగు ఇంతవరకు క్రిస్మస్ చూడనేలేదు. తొలి మంచు పడగానే అది సెలవు తీసుకుని వెళ్లిపోతుంది. కుందేలు దిగాలు పడుతుంది. తర్వాత ఒక పొట్లం తీసుకెళ్లి, నిద్రలో ఉన్న స్నేహితుడి దగ్గర పెట్టి వస్తుంది. అడవి జంతువులన్నీ అలంకరించిన చెట్టు చుట్టూ చేరిన వేళ గట్టు మీద ఎలుగు ప్రత్యక్షమవుతుంది. ఆ పొట్లంలో ఉన్నది అలారం గడియారం.

ఈ అల్లికలో నాకు అన్నిటికన్నా నచ్చింది వరుస. పొట్లం కనిపిస్తుంది కానీ లోపలేముందో చెప్పరు. ముందు ఫలితం చూపిస్తారు: ఎలుగు మేలుకుని వచ్చేసింది. కారణం ఆ తర్వాత. గడియారాన్ని ముందే చూపించి ఉంటే అది అమ్మకానికి పెట్టిన వస్తువయ్యేది. చివర్లో చూపించడంతో చూసేవాడి మనసులో అప్పటికే లేచిన ప్రశ్నకు జవాబయింది. ఆ వస్తువు ఎంపిక కూడా ఎంత ఆలోచించి చేసిందో చూడండి. కథలో చిక్కు నిద్ర. దాన్ని విప్పగలిగేది నిద్ర లేపే వస్తువు మాత్రమే. అక్కడ శాలువా పెట్టినా, బొమ్మ పెట్టినా కథ కూలిపోతుంది.

తయారీలో పడ్డ శ్రమ మరో ఎత్తు. దర్శకులు ఇద్దరు: ఎలియట్ డియర్, ఈవ్ జెలాన్. జంతువుల కదలికలను చేత్తో గీసిన బృందంలో ఆరన్ బ్లైస్ ఉన్నారు. డిస్నీ వారి ‘బ్రదర్ బేర్’ (2003) దర్శకుల్లో ఆయన ఒకరు. మామూలు కార్టూన్ అయితే పని అక్కడితో ముగిసేది. ఇక్కడ ఆ బొమ్మలను ముద్రించి, అట్టకు అంటించి, అంచుల వెంట కత్తిరించారు. చెట్లూ కొండలూ మంచూ ఉన్న అడవిని నిజంగానే బల్ల మీద కట్టి, అట్టబొమ్మను అందులో నిలబెట్టి ఒక ఫ్రేము తీశారు. దాన్ని తీసేసి, తర్వాతి బొమ్మ నిలబెట్టి మరో ఫ్రేము తీశారు. మన తోలుబొమ్మకు కీళ్లుంటాయి, ఒకే బొమ్మ రాత్రంతా ఆడుతుంది. ఇక్కడ కదలిక మారిన ప్రతిసారీ కొత్త బొమ్మ కావాలి. అలా వేల ఫ్రేములు.

కంప్యూటర్‌లో అతికించేస్తే పోయేదానికి ఇంత కష్టం దేనికి? జంతువుల కాళ్ల దగ్గర చూస్తే తెలుస్తుంది. అక్కడి నీడ ఎవరూ గీసింది కాదు, దీపం వెలుగులో అట్ట వేసిన అసలు నీడ. అందుకే బల్లపరుపు బొమ్మకు కూడా ఆ నేల మీద నిలబడ్డ బరువు వచ్చింది. ఇందులో ఒక ఇబ్బంది ఉంది. సెట్‌లో వెనక్కి జరిగిన బొమ్మ కెమెరాకు దానంతటదే చిన్నదిగా కనిపిస్తుంది. ఏ ఫ్రేములో బొమ్మ ఎక్కడ నిలబడాలి, కెమెరా ఎటు కదలాలి అన్నది ముందే తేలితే తప్ప ఏ కొలతలో ముద్రించాలో తెలియదు. సెట్ మీదికి వచ్చాక చూసుకుందాంలే అనే వెసులుబాటు లేని పని అది.

వెనక వినిపించే పాట కీన్ బృందం 2004లో పాడినది. లిలీ అలెన్ నెమ్మదైన గొంతుతో మళ్లీ పాడితే, అది బ్రిటన్ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

కథ ఒక్కటే దుకాణాన్ని నడిపిందని మాత్రం అనుకోకూడదు. అదే సరుకు మరో దుకాణంలో తక్కువకు దొరికితే ఆ తేడా తిరిగి ఇస్తామన్న హామీని జాన్ లూయిస్ 1925 నుంచి ఇస్తూ వచ్చింది. ధర గురించిన నమ్మకాన్ని ఆ మాట మోసింది కాబట్టి, ప్రకటనకు ధర గోల లేకుండా కథ చెప్పుకునే తీరిక దొరికింది. మన దగ్గర ఆషాఢం సేల్ హోర్డింగుల మధ్య కథతో ప్రకటన తీయాలనుకునేవాళ్లు ఈ సంగతి మొదట గమనించాలి. తర్వాత ఆ చిత్రాన్ని శబ్దం తీసేసి ఒకసారి, జంతువుల పాదాల దగ్గర నీడలు చూస్తూ మరోసారి చూడండి.