పండులో దాగిన సీతాకోకచిలుక: ఈవాన్స్ గుర్తింపు గ్రంథంపై ఒక విమర్శ

గుర్తింపు సూచికను ఎలా వాడాలో మీరు నేర్చుకున్నారు. ఇప్పుడు ఒక ప్రసిద్ధ సూచికను విమర్శక దృష్టితో చదువుదాం. అది బ్రిగేడియర్ విలియం హ్యారీ ఈవాన్స్ రచించిన ‘ది ఐడెంటిఫికేషన్ ఆఫ్ ఇండియన్ బటర్‌ఫ్లైస్’. 1927లో పుస్తకంగా వచ్చింది. 1932లో రెండో కూర్పు వెలువడింది. దీన్ని పరీక్షించడానికి మనం ఎంచుకునే జీవి దూరాన లేదు. ఆలేరు ప్రాంతంలో ఉండేవారు జామ, దానిమ్మ, చింత చెట్ల కాయల్లో దానికోసం వెతకవచ్చు. దాని పేరు డ్యూడోరిక్స్ ఐసోక్రాటిస్ (ఫాబ్రిషియస్, 1793). రైతులకు ఎక్కువగా తెలిసింది సీతాకోకచిలుక కాదు, దాని గొంగళిపురుగు. దాన్ని కాయతొలుచు పురుగు అంటారు.

పేరులోని కుండలీకరణాలను గమనించండి. ఫాబ్రిషియస్ ఈ జాతిని వర్ణించినప్పుడు వేరే ప్రజాతిలో, అంటే హెస్పీరియాలో ఉంచాడని అవి చెబుతాయి. తరువాత వెస్ట్‌వుడ్ దీన్నే థెక్లా అని పిలిచాడు. ఆ కాలంలో థెక్లా ఒక పెద్ద గంప వంటిది. వెనుక రెక్కకు సన్నని తోక, అడుగు భాగాన గీత కనిపిస్తే చాలు, చిన్న సీతాకోకచిలుకలను అందులో వేసేవారు. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఎన్నో హెయిర్‌స్ట్రీక్ జాతులను హ్యూయిట్సన్ థెక్లాగానే వర్ణించాడు. ఆ గంపను ఖాళీ చేయడానికి ఒక శతాబ్దానికి మించి పట్టింది. 1973లో ఎలియట్ లైకేనిడే కుటుంబాన్ని తెగలుగా పునర్విభజించాడు. దాని ప్రకారం అమెరికా హెయిర్‌స్ట్రీక్‌లు యూమియినీ తెగకు, మన జాతి డ్యూడోరిజినీ తెగకు చెందుతాయి. 2004లో రాబిన్స్ అమెరికా ఉష్ణమండలపు యూమియినీలకు జాబితా రూపొందించాడు. వాటి జాతులు వేయికి పైమాటే. ఈ రోజు థెక్లాలో మిగిలినవి యూరప్, ఆసియాలకు చెందిన కొద్ది జాతులే.

మన జాతి పేరు ఇప్పటికీ పూర్తిగా స్థిరపడలేదు. మూర్ 1881లో ఏర్పరచిన విరాకోలా ప్రజాతిలో దీన్ని ఉంచేవారున్నారు. విరాకోలాను డ్యూడోరిక్స్‌లో కలిపేవారూ ఉన్నారు. కలిపితే ఏ పేరు నిలుస్తుంది? ప్రాధాన్య సూత్రం ప్రకారం 1863 నాటి హ్యూయిట్సన్ పేరు డ్యూడోరిక్స్ నిలుస్తుంది. వ్యవసాయ పుస్తకాల్లో విరాకోలా అనీ, సీతాకోకచిలుకల పుస్తకాల్లో డ్యూడోరిక్స్ అనీ చదివి ఇవి రెండు జీవులని పొరబడవద్దు.

ఇక ఈవాన్స్ సంగతి. ఆయన గొప్పతనం పొదుపు. దాదాపు టెలిగ్రాం భాషలో, సంక్షిప్తాక్షరాలతో, అవిభక్త భారతదేశంతోపాటు బర్మా, సింహళ జాతులనూ ఒక్క పుస్తకంలో అమర్చాడు. చేతిలో నమూనా ఉన్నవాడికి అంత వేగంగా దారి చూపిన పుస్తకం దానికి ముందు లేదు. ఆ మాట నిస్సంకోచంగా చెప్పాలి.

కానీ ఆ దారి మొదలయ్యేది గుండుసూదికి గుచ్చి, రెక్కలు పరచిన నమూనా దగ్గర. ఐసోక్రాటిస్ మగదాని రెక్కల పైభాగం నిగనిగలాడే ఊదారంగు కలిసిన నీలం. ఆడది గోధుమరంగు, ముందు రెక్క మీద నారింజ ఛాయ మచ్చ ఉంటుంది. తోటలో వాలినప్పుడు అది సాధారణంగా రెక్కలు మూసుకునే కూర్చుంటుంది. అప్పుడు మీకు కనిపించేది బూడిద కలిసిన గోధుమరంగు అడుగు భాగం, తెల్లని అంచులున్న పట్టీలు, ఒక సన్నని తోక, దాని దగ్గర నల్లని మచ్చ. పైభాగపు రంగు అడిగే సూచిక అక్కడ మూగబోతుంది. అంతకంటే పెద్ద లోటు మరొకటుంది. జాతుల పద్దుల్లో గొంగళిపురుగుకు, అది తినే మొక్కకు చోటు లేదు. మన చేతికి మొదట దొరికే సాక్ష్యం రంధ్రం పడిన కాయ. దానితో ఈవాన్స్ సూచికలో మొదటి మెట్టు కూడా ఎక్కలేం.

విచిత్రమేమంటే, ఈ విషయంలో అంతకు ముందువారే మేలు. వెస్ట్‌వుడ్ 1830వ దశకంలోనే దానిమ్మలోని ఈ పురుగు అలవాట్లను రాశాడు. తొలిచిన కాయ రాలిపోకుండా పురుగు కాయను తొడిమకు పట్టుదారంతో కట్టివేస్తుందని ఆ వర్ణన చెబుతుంది. 1890లో డి నీస్‌విల్ తన మూడో సంపుటాన్ని లైకేనిడేకు కేటాయించి జీవిత చరిత్రలకు అందులో చోటిచ్చాడు. సంక్షిప్తత కోసం ఈవాన్స్ వదులుకున్నది ఇదే. నా దృష్టిలో అది చాలా ఖరీదైన పొదుపు.

అలాగని కాయను చూసి పేరు పెట్టేస్తే సరిపోతుందా? అదీ పొరపాటే. హిమాచల్ ప్రదేశ్ దానిమ్మ తోటల్లో నష్టం చేసేది ప్రధానంగా మరో జాతి, డ్యూడోరిక్స్ ఎపిజార్బస్. ఈజిప్టు, అరేబియా ప్రాంతాల్లో డ్యూడోరిక్స్ లివియా ఆ పని చేస్తుంది. మన దక్షిణ తెలంగాణలో చిక్కు ఇంకొకటి. ఇక్కడి చెల్క నేలల్లో ఆముదం పాత పంట. ఆముదం కాయ తొలుచు పురుగు కోనోజెథిస్ పంక్టిఫెరాలిస్ జామనూ, దానిమ్మనూ తొలుస్తుంది. అది సీతాకోకచిలుకే కాదు, రెక్కల పురుగు. దాని లార్వా పాలిపోయిన రంగులో, ఒంటినిండా చిన్న బుడిపెలతో ఉంటుంది. ఐసోక్రాటిస్ లార్వా పొట్టిగా, బొద్దుగా, ముదురు గోధుమరంగులో, పొట్టి వెంట్రుకలతో, తెల్లని మచ్చలతో ఉంటుంది. కాళ్లు లేని తెల్లని పురుగులు కనిపిస్తే అవి పండుఈగ పిల్లలు. ‘కాయతొలుచు పురుగు’ అన్న ఒక్క మాట కింద ఇన్ని జీవులున్నాయి. గుర్తింపు ఆలస్యమైతే నష్టం రైతుదే. ఐసోక్రాటిస్ గుడ్లు పెట్టేది పూల మీద, పిందెల మీద. పిల్లపురుగు కాయలోకి దూరాక పైన చల్లిన మందు దానికి తగలదు. పిందె దశలోనే కాయలకు సంచులు కట్టడం అందుకే.

కాబట్టి మీ క్షేత్ర నివేదికకు లార్వాతోనో, మూసిన రెక్కల ఫొటోతోనో తృప్తి పడకండి. తొలిచిన కాయను వెడల్పు మూతి సీసాలో ఉంచి, పలుచని గుడ్డ కట్టి, సీతాకోకచిలుక బయటికి వచ్చేదాకా ఆగండి. అది వచ్చాక ఈవాన్స్ పుస్తకం మళ్లీ తెరవండి. రెక్కలు మీ ముందు ఉంటాయి గనుక అప్పుడు అది చక్కగా పనిచేస్తుంది. ఏ చెట్టు, ఏ తేదీ, కాయ ఏ దశలో ఉంది అన్నవి అదే రోజు రాసిపెట్టుకోండి.

విస్తరణ గురించి ఒక మాట. ఈవాన్స్ ఒక జాతి విస్తరణను రెండు మూడు ప్రాంతాల పేర్లతో ముగిస్తాడు. ఉపఖండమంతటికీ రాసేవాడికి అది తప్పదు. మనకు మాత్రం చాలదు. మీరైనా ‘నల్లగొండ జిల్లా’ అని రాసి వదిలేయకండి. 2016కు ముందు ఆ మాటలో ఆలేరు ఉంది. ఇప్పుడు ఆలేరు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. ఊరి పేరు, అక్షాంశ రేఖాంశాలు కలిపి రాయండి.