'ప్రమాదం' అనే మాట చెప్పేది, దాచేది: పారిశ్రామిక దుర్ఘటనల తెలుగుపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
పని ప్రదేశాల్లో సంభవించే మరణాలను తెలుగు వార్తాభాష చెప్పే తీరులో, సమాజం ముప్పును అర్థం చేసుకొనే పద్ధతి వ్యక్తమవుతుంది. 'ప్రమాదం', 'సాహసం' అనే పదాల అర్థపరిణామం, అకర్మక క్రియల ప్రయోగం ఆధారంగా ఆ పద్ధతిని విమర్శించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ప్రమాదం, సాహసం, అర్థపరిణామం, అకర్మక క్రియ, భద్రతా సంస్కృతి, వార్తాభాష.

1. ఉపోద్ఘాతం:
'బాయిలర్ పేలి నలుగురు కార్మికుల దుర్మరణం' వంటి శీర్షిక తెలుగు పాఠకులకు కొత్త కాదు. ఈ నమూనా వాక్యంలో యంత్రం ఉంది, మృతులున్నారు. యంత్రాన్ని నడిపించిన వ్యవస్థ మాత్రం లేదు. చెర్నోబిల్ దుర్ఘటన (1986) తరువాత అంతర్జాతీయ అణుభద్రతా నిపుణుల చర్చల్లో 'భద్రతా సంస్కృతి' అనే భావన ప్రచారంలోకి వచ్చింది. పరికరాలు, నియమావళి మాత్రమే చాలవనీ, ముప్పు పట్ల సంస్థలో పాతుకుపోయిన వైఖరులే భద్రతను నిర్ణయిస్తాయనీ దాని సారాంశం. వైఖరులు మాటల్లో నిలుస్తాయి. కనుక ఈ విషయం భాషాధ్యయనానికి వెలుపలిది కాదు.

2. రెండు పదాల ప్రయాణం:
సంస్కృతంలో 'ప్రమాద' శబ్దానికి ముఖ్యార్థం ఏమరుపాటు, అజాగ్రత్త. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో గురువు శిష్యుణ్ణి సత్యం విషయంలో, ధర్మం విషయంలో ఏమరవద్దని హెచ్చరించేది ఈ అర్థంలోనే. ధమ్మపదం రెండవ వర్గానికి అప్రమాదమే పేరు. తుఫాను హెచ్చరికల్లో వినిపించే 'అప్రమత్తంగా ఉండండి' అనే మాటలో ఆ అర్థం నేటికీ సజీవంగా ఉంది. కానీ 'ప్రమాదం' మాత్రం తెలుగులో దుర్ఘటనగా, అపాయంగా మారింది. కారణానికి పేరైన మాట ఫలితానికి పేరైంది. వ్యుత్పత్తిని బట్టి 'ఏమరుపాటు వల్ల' అని అర్థమివ్వవలసిన 'ప్రమాదవశాత్తు' నేడు 'అనుకోకుండా' అనే అర్థాన్నిస్తున్నది. ఎవరి ఏమరుపాటు అనే ప్రశ్న మాటలోనే కరిగిపోయింది.

'సాహసం' ప్రయాణం దీనికి ఎదురుదిశలో సాగింది. ధర్మశాస్త్రాల్లో అది బలప్రయోగంతో చేసే నేరం. తొందరపాటు అనే అర్థం కూడా దానికుంది. ఆధునిక తెలుగులో అది ప్రశంసావాచకం. నడుముకు బెల్టు లేకుండా ఎత్తైన కట్టడంపై నిలబడినవాడు సాహసి. బెల్టు అడిగినవాడు పిరికివాడు. ఈ విలువల తారుమారుకు పదమే కారణమనడం అతివ్యాప్తి. అయితే, తోటివారి ముందు చులకన కాకూడదనే కార్మికుని సహజభయానికి ఈ పదం గౌరవప్రదమైన ముసుగును సమకూరుస్తుంది.

3. అకర్మక క్రియల నీడ:
పేలు-పేల్చు, కూలు-కూల్చు, తెగు-తెంపు వంటి జంటల్లో దుర్ఘటన వార్త సాధారణంగా మొదటి క్రియనే ఎన్నుకుంటుంది. ఇది వ్యాకరణదోషం కాదు. ఎవరూ కావాలని బాయిలరును పేల్చరు కదా. సమస్య వాక్యం అక్కడితో ముగియడంలో ఉంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం సమీపంలోని ఆర్.ఆర్.వెంకటాపురం వద్ద ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. 'గ్యాస్ లీకైంది' అన్న మాటతో ఆ ఘటన జనస్మృతిలో నిలిచింది. స్టైరీన్ నిల్వలో ఉష్ణోగ్రతను అదుపులో ఉంచాలి. తనంతతాను పాలిమరుగా మారకుండా నిరోధక రసాయనాన్ని తగినంత కలపాలి. లేకపోతే చర్య పుట్టించే వేడే చర్యను మరింత వేగిరపరుస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి కమిటీ భద్రతా నిర్వహణలోని లోపాలను, సైరన్ మోగించకపోవడాన్ని ఎత్తిచూపింది. అంటే 'లీకైంది' అనే అకర్మక క్రియ వెనుక చల్లబరచకపోవడం, కలపకపోవడం, మోగించకపోవడం అనే మూడు 'చేయకపోవడాలు' ఉన్నాయి. వ్యతిరేక భావార్థకాలకు కర్తను వెదకడం వార్తాభాషకు అలవాటు కాలేదు.

4. 'ఏం కాదులే':
1986 జనవరి 28న చాలెంజర్ అంతరిక్షనౌక కూలిపోయిన ఉదంతంపై సామాజికశాస్త్రవేత్త డయాన్ వాన్ 1996లో వెలువరించిన గ్రంథం ఇక్కడ ఉపకరిస్తుంది. రాకెట్ కీళ్లలోని రబ్బరు వలయాలు దెబ్బతింటున్న సంగతి ఇంజనీర్లకు మునుపే తెలుసు. ప్రతిసారీ నౌక క్షేమంగా తిరిగిరావడంతో ఆ లోపం ఆమోదయోగ్యంగా మారింది. దీనిని ఆమె విచలనం సాధారణం కావడంగా సూత్రీకరించారు. తెలుగు పనివాడల్లో ఈ సూత్రానికి సిద్ధమైన పలుకుబడి ఉంది: 'ఇన్నేళ్లుగా చేస్తున్నాం, ఏమైంది? ఏం కాదులే.' ఇది అజ్ఞానం కాదు, అనుభవం నుంచి చేసిన తప్పు అనుమానం. గండం గడిచిన ప్రతిసారీ హెచ్చరిక అందిందని కాక, అభయం లభించిందని భావించడమే ఇందులోని మనస్తత్వం.

5. ఒక ఆక్షేపణ:
అయితే 'ప్రమాదం' అనే మాటకు పాత అర్థాన్ని పునరుద్ధరిస్తే చాలునా? చాలదు. ప్రాచీనార్థంలో ప్రమాదం వ్యక్తి మనస్సుకు చెందిన దోషం. దానిని యథాతథంగా స్వీకరిస్తే నింద మీట నొక్కిన చివరి కార్మికునిపై పడుతుంది. 'కార్మికుల నిర్లక్ష్యమే కారణం' అనే వివరణ ఇలాంటిదే. మానవ దోషాలపై 1990లో వెలువడిన గ్రంథంలో జేమ్స్ రీజన్, కంటికి కనిపించే తక్షణ దోషాలనూ, వ్యవస్థలో ముందే దాగిన దోషాలనూ వేరుచేసి చూపారు. ఆ దృష్టితో చూస్తే ఏమరేది మనిషి మాత్రమే కాదు, సంస్థ కూడా. భోపాల్ విషాదం తరువాత కర్మాగారాల చట్టానికి 1987లో చేసిన సవరణ, ఆసన్నమైన ముప్పును గురించి యాజమాన్యానికి తెలియజేసే హక్కును కార్మికునికి కల్పించింది. చట్టం కార్మికుణ్ణి ముప్పును ముందుగా చూడగల సాక్షిగా గుర్తించింది. వార్తాభాష అతణ్ణి మరణించిన తరువాత మృతుల సంఖ్యలో మాత్రమే గుర్తిస్తున్నది.

6. ముగింపు:
- 'ప్రమాదం' కారణాన్ని వదిలి ఫలితాన్ని సూచించడం, 'సాహసం' దోషాన్ని వదిలి గుణాన్ని సూచించడం ముప్పు పట్ల మన సామాజిక వైఖరికి అద్దం పడుతున్నాయి.
- అకర్మక క్రియను నిషేధించనక్కరలేదు. దాని వెంట 'ఎవరు ఏమి చేయలేదు?' అనే వాక్యం రావాలి.
- ఆ వాక్యానికి కర్త వ్యక్తి మాత్రమే కాక, సంస్థ కూడా కాగలగాలి.
- పత్రికారచన పాఠ్యాంశంగా ఉన్న తెలుగు తరగతుల్లో దుర్ఘటన వార్తను భాషాదృష్టితో విశ్లేషింపజేయడం అవసరం. 'ఏం కాదులే' అన్న మాటను విన్నచోట ఆగి ప్రశ్నించే అలవాటు అక్కడినుంచే మొదలుకావచ్చు.