పది నిమిషాల్లో ఒగ్గు డోలు

ఒగ్గు డోలు విన్యాసం ఒగ్గు కథలోంచి విడివడి వచ్చిన కళ. మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను తెల్లవార్లూ చెప్పే ఒగ్గు పూజారులు ఎక్కువగా కురుమ, గొల్ల కులాలవారు. పసుపు బండారి, రంగు పొడులతో పట్నం అనే ముగ్గు వేసి, దేవుడి పెండ్లి చేసి, ఆ పట్నం ముందే కథ ఎత్తుకుంటారు. ప్రధాన కథకుడి వెంట వంత పాడేవాళ్లు, డోలు, తాళాలు, ఊదే నపీర ఉంటాయి. చేతిలో పట్టే చిన్న డమరుకం ఒగ్గు. కథకుడు భుజం మీది కండువా తలకు చుట్టితే రాజు, కొంగులా కప్పుకుంటే రాణి. కథ కాస్త ఆగిన చోట డోళ్లవాళ్లు అందుకుని చిందేసేవారు. ఆ విరామపు వాయిద్యమే పెరిగి, పదిమంది వరుసకట్టి ఆడే విడి ప్రదర్శన అయింది.

ఈ మార్పుకు ముందే కథను రంగస్థలానికి తెచ్చినవారిలో ముఖ్యుడు చుక్క సత్తయ్య (1935–2017). జనగామ జిల్లా మాణిక్యపురం ఆయన ఊరు. కులదేవతల కథలకే పరిమితమైన పద్ధతిలోకి రామాయణ, భారత ఘట్టాలను, ఆ తర్వాత ప్రజలకు చెప్పాల్సిన సమకాలీన విషయాలను తెచ్చారు. ఆయనకు కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, కాకతీయ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ దక్కాయి. రాత్రంతా సాగే కథను గంటలోకి కుదించవచ్చని, కుదించినా జనం కూర్చుంటారని ఆయన చూపించారు. యువజనోత్సవ పోటీల కోసం కాలేజీ పిల్లలు చేస్తున్నది ఆ గంటను కూడా పది నిమిషాలకు దించడం.

అలాంటి పిల్లలున్న చోటు జయశంకర్ భూపాలపల్లి జిల్లా మొగుళ్లపల్లి. అది 2016 దాకా వరంగల్ జిల్లాలోని మండలం. ఇక్కడి ఊళ్ల నుంచి డిగ్రీకి పరకాలకో హనుమకొండకో వెళ్లేవాళ్లకు 1976లో ఏర్పడ్డ కాకతీయ విశ్వవిద్యాలయమే దగ్గరిది. బీరప్ప పండుగల్లో డోలు విని పెరిగిన పిల్లలు అక్కడి కల్చరల్ కమిటీలకు తరగని బలం. వాళ్లకు దరువు చెవిలోనే ఉంటుంది. నేర్పాల్సింది వరుసలో నిలబడటం, సమయానికి ఆపడం.

విశ్వవిద్యాలయాల మధ్య యువజనోత్సవం 1954లో ఢిల్లీ తాల్కటోరా తోటలో మొదలైంది. ఇప్పుడు ఈ పోటీలు నడిపేది భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం. కాలేజీ, విశ్వవిద్యాలయం, జోన్, జాతీయ స్థాయి అంటూ మెట్లు ఉంటాయి. సంగీతం, నృత్యం, నాటకం, సాహిత్యం, చిత్రకళ అన్నీ అందులోవే. జానపద, గిరిజన నృత్య విభాగంలో ఆడేవారు పదిమందికి, వాద్యకారులు ఐదుగురికి మించకూడదు. సమయం పది నిమిషాలు దాటకూడదు. లయ, వరుసలు, హావభావాలు, వేషం, మొత్తం మీద కలిగే ప్రభావం చూసి మార్కులేస్తారు. పాట మాటలకు విడిగా మార్కులు లేవు. ఒగ్గు జట్ల తీరును మార్చింది ఈ ఒక్క సంగతే.

ప్రదర్శన దరువుతో నెమ్మదిగా మొదలవుతుంది. పసుపు పూసిన నుదురు, కాసె పోసి కట్టిన ధోతి, కాళ్లకు గజ్జెలు, నడుముకో మెడకో వేలాడే డోలు. ఒక వైపు కర్ర, మరో వైపు అరచెయ్యి. మోకాళ్లు వంచి వలయంగా తిరుగుతూ, ఎదురెదురు వరుసలుగా విడిపోతూ, వెల్లకిలా పడుకుని కూడా దరువు తప్పకుండా వాయిస్తారు. చప్పట్లు ఎక్కువ పడేది మనుషుల మీద మనుషులు ఎక్కే గోపురానికి. అందులో మెళకువ ఎక్కడంలో కన్నా దరువులోనే ఉంది. కింద నిలబడ్డవాడు మోకాలు వంచి తొడను మెట్టుగా ఇస్తాడు. పైకెక్కేవాడి నడుము పట్టుకోవడానికి వాడి రెండు చేతులూ కావాలి, కాబట్టి వాడి డోలు మూగబోతుంది. ముగ్గురు నలుగురి డోళ్లు ఒకేసారి ఆగితే లయ చప్పబడుతుంది. అందుకే మంచి జట్లు ఆ క్షణాన పక్కనున్న తాళాలవాళ్లతో జోరు పెంచిస్తాయి. పైవాడు నిలదొక్కుకుని మొదటి దెబ్బ వేయగానే కిందివాళ్లూ అందుకుంటారు. ఆ సందును వినపడనివ్వకపోవడమే సాధన.

వేదిక ఎక్కనివాళ్ల పనికి మార్కులు లేవు గానీ, అది లేకపోతే జట్టే లేదు. చల్లని హాల్లో, వాన కాలంలో డోలు చర్మం వదులవుతుంది. ప్రదర్శనకు ముందు ఎండకో సెగకో చూపి, తాళ్లు బిగించి ఉంచాలి. రైల్లో పది డోళ్లు బెర్తు కింద పట్టవు. రాత్రంతా వాటికి కాపలా పడుకునేవాళ్లు కావాలి. తెలుగు రాని న్యాయనిర్ణేతల కోసం నృత్యం నేపథ్యం చెప్పే చిన్న కాగితాన్ని ప్రతులు తీసి ముందే ఇవ్వాలి. మల్లన్న ఎవరో, బండారి ఎందుకో నాలుగు వాక్యాల్లో చెప్పగలిగినవాడు ఆ రోజుకు జట్టులో పదకొండోవాడు. తెర పక్కన గడియారం చూసి సైగ చేసేవాడు ఒకడు, ఆట ముగిసిన వెంటనే సామగ్రి ఎత్తేసేవాళ్లు ఇద్దరు. ఇంకా చందాలు, హాజరు కోసం లెక్చరర్ల దగ్గరికి తిరుగుళ్లు ఎలాగూ ఉంటాయి. ప్రారంభం రోజు ఊరేగింపులోనూ డోలు ముందు నడవాల్సిందే.

ఈ కుదింపులో పోయేది కథ. పది నిమిషాల డోలు చూసినవాడికి కథకుడంటూ ఒకడున్నాడనే తెలియకపోవచ్చు. ఇది పిల్లల తప్పు కాదు, విభాగం పేరే నృత్యం. అయితే అదే ఉత్సవంలో ఏకాంక నాటికకు తొమ్మిదిమంది, ముప్పై నిమిషాలు దొరుకుతాయి. కండువా ఒక్కటి మార్చి పాత్ర మార్చే ఒగ్గు పద్ధతికి ఆ నిడివి చక్కగా సరిపోతుంది. సెట్ల ఖర్చూ ఉండదు. కష్టమల్లా మనుషుల తయారీలో. డోలు దరువు ఒక సెమిస్టరులో చేతికొస్తుంది. వంత పట్టడం, కథకుడి మాట తెగిన చోట 'ఆ, ఆపైన?' అని అందించడం ఒగ్గు పూజారుల వెంట కొన్ని రాత్రులు కూర్చుంటే గానీ రాదు. వరంగల్‌లోనే తెలుగు విశ్వవిద్యాలయం జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. మొగుళ్లపల్లి పిల్లలకైతే అంత దూరం కూడా అక్కర్లేదు, పట్నాలు వేసే రోజుల్లో సొంతూళ్లో ఉంటే చాలు.