సరంగు కళ్లతో 'గోదావరి'

'గోదావరి' (2006) ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మొన్న మా మేనల్లుడితో కూర్చుని మళ్లీ పెట్టాను. రాత్రి, డెక్ మీద సుమంత్, కమలినీ ముఖర్జీ. వాడికి వాళ్లు పట్టలేదు. "మామా, ఇంత చీకట్ల ఎదురుంగ ఇంకో పడవొస్తే ఎట్ల తెలుస్తది?" అన్నాడు. ఇన్నేళ్లలో నాకు రాని ప్రశ్న.

జవాబు వెతికితే అందంగా ఉంది. సముద్రాల మీద ప్రపంచమంతా పాటించే 1972 నాటి నియమాల ప్రకారం ఓడకి ఎడమవైపు ఎర్రదీపం, కుడివైపు పచ్చదీపం. ఒక్కోటి 112.5 డిగ్రీల మేరకే కనపడాలి. వెనక తెల్లదీపం 135. కూడితే కరెక్టుగా 360! ఎర్రదీ పచ్చదీ రెండూ కనిపిస్తున్నాయంటే ఆ ఓడ నేరుగా మన మీదికే వస్తోంది, ఇద్దరూ కుడికి తిప్పాలి. ఒక్క మాట మాట్లాడుకోకుండా రెండు ఓడలు ఒప్పందానికి రావడం. మా ఆఫీసులో రెండు టీములకి ఇది చేతకాదు.

సినిమాలో వెలుగు మాత్రం మొహాల కోసం. అది తప్పని కాదు, విజయ్ సి. కుమార్ కెమెరా అంటే నాకూ ఇష్టమే. కానీ చీకటికి కన్ను అలవాటు పడటానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది, ఒక్క బల్బు చాలు దాన్ని చెడగొట్టడానికి. డెక్ మీద ఎంత వెలుగుంటే సరంగుకి నది అంత కనపడదు. మన ప్రేమ సన్నివేశం అతనికి అడ్డం.

టేకులపల్లి నుంచి చిన్నప్పుడు భద్రాచలం తెప్పోత్సవానికి వెళ్లేవాళ్లం. ముక్కోటి ముందురోజు రాత్రి హంసవాహనం, దీపాలు, బాణసంచా. అందరం హంసనే చూసేవాళ్లం. ఒడ్డున సిద్ధంగా నిలబడ్డ గజ ఈతగాళ్ల మీదికి మా నాయనమ్మ చూపు మాత్రం పోయేది. "ఆళ్లుంటెనే సామి తిరిగేది" అనేది.

బాపు 'అందాల రాముడు' (1973) నుంచీ మనకి ఈ దారి తెలుసు, రాజమండ్రి నుంచి రాముడి దగ్గరికి. రెండు సినిమాల్లోనూ నది మనుషుల్ని కలిపే చోటు. 2018 మే 15 సాయంత్రం మంటూరు దగ్గర గాలివానకి లాంచీ మునిగినప్పుడు, జల్లు పడకుండా తలుపులు మూసుకున్నవాళ్లు లోపలే చిక్కుకుపోయారు. చాలామంది ఏజెన్సీ గిరిజనులు. వాళ్లకి అది విహారం కాదు, బస్సులాంటిది. మరుసటేడు సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర మునిగింది మాత్రం పర్యాటకుల బోటు, వరదలో, పట్టపగలే.

శేఖర్ కమ్ముల ఇవన్నీ ఊహించి తీయాలనడం అన్యాయం. నా ఫిర్యాదు చిన్నది. తనికెళ్ళ భరణి వేసిన పడవ కెప్టెన్‌ని నవ్వులకి వాడుకున్నాడు గానీ, ఒక్క రాత్రైనా అతని పక్కన నిలబడి ముందుకి చూడలేదు. ఆ ఒక్క షాట్ ఉంటే డెక్ మీది కబుర్ల బరువే మారేది.

మేనల్లుడూ నేనూ ఇప్పుడు రాత్రి సీన్ వచ్చినప్పుడల్లా ఆపి ఎర్రదీపం వెతుకుతున్నాం. ఇంటర్వెల్ దాకా వచ్చాం.