చెవులు ముందే మూసుకున్న పిల్లాడు

హిచ్‌కాక్ 'నార్త్ బై నార్త్‌వెస్ట్' (1959)లో మౌంట్ రష్‌మోర్ కెఫెటేరియా సీను ఒకటుంది. ఈవా మేరీ సెయింట్ హ్యాండ్‌బ్యాగులోంచి పిస్తోలు తీసి కారీ గ్రాంట్‌ని కాలుస్తుంది. చుట్టూ ఉన్న జనం ఉలిక్కిపడతారు, ఒక్కడు తప్ప. వెనక బల్ల దగ్గర నీలం చొక్కా పిల్లాడు, పిస్తోలు ఇంకా పేలకముందే చెవుల్లో వేళ్లు దూర్చుకుని తయారుగా ఉంటాడు.

వాడికి జోస్యం తెలియదు. రిహార్సల్లోనో, ముందు టేకులోనో ఆ మోత విని ఉంటాడు. కెఫెటేరియా నిజమైనదేమీ కాదు, స్టూడియోలో వేసిన సెట్టు. పెద్దవాళ్లంతా మొదటిసారి విన్నట్టు నటించారు. ఇది మొదటిసారి కాదని ఆ రెండు వేళ్లు బయటపెట్టేశాయి. పాత సినిమాల్లో తప్పులు వెతకడంలో నాకు నచ్చేది ఇదే. తెర మీద కథ నడుస్తుండగానే దాని వెనక షూటింగు కనబడిపోతుంది. ఫలానా సినిమాలో వంద తప్పులు, ఇంకోదాంట్లో నూటయాభై అని లెక్కలు పెట్టుకునేవాళ్లున్నారు. ఆ లెక్కలు నాకు విసుగు.

సినిమాను కథ వరసలో తీయరు. సెట్టు ఎప్పుడు ఖాళీ, ఎవరి కాల్షీటు ఎన్నాళ్లు, ఎండ ఎటునుంచి వస్తోంది అన్నదాన్ని బట్టి తీస్తారు. హీరో వీధిలో నిలబడి తలుపు తోసే షాటు ఇవాళ తీస్తే, లోపల అడుగుపెట్టే షాటు నెల తర్వాత కావచ్చు. ఈలోగా క్రాపు పెరుగుతుంది, చొక్కా గుండీ మారుతుంది. ఇవన్నీ రాసిపెట్టుకునే మనిషిని హాలీవుడ్‌లో స్క్రిప్ట్ సూపర్‌వైజర్ అంటారు. మన దగ్గర ఆ బరువు చాలాకాలం డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో కంటిన్యుటీ చూసే అసిస్టెంటు నెత్తిమీదే ఉండేది. గ్లాసులో కూల్‌డ్రింక్ ఎంతవరకు ఉంది, పైట ఏ భుజం మీద ఉంది, ఏ మాట దగ్గర కుర్చీలోంచి లేచింది, అన్నీ నోటుపుస్తకంలోకి ఎక్కాలి.

పట్టుకోవడానికి ఒక చిట్కా. మాట్లాడేవాళ్ల ముఖం చూడకండి, వింటున్నవాళ్ల చేతులు చూడండి. తర్వాత తరిగేవీ పెరిగేవీ చూడండి. సిగరెట్టు, కొవ్వొత్తి, ప్లేటులో తిండి, గోడ గడియారం. 'ద విజర్డ్ ఆఫ్ ఆజ్' (1939)లో డొరొతీ దిష్టిబొమ్మను కలిసే సీనులో ఆమె జడల పొడవు షాటు షాటుకీ మారుతుంది. ఒకే సంభాషణ, కానీ ఒకేసారి తీసింది కాదు.

నేను మాటిమాటికీ చూసేది మాత్రం 'కాసాబ్లాంకా' (1942)లో పారిస్ రైల్వే స్టేషను. కుండపోత వాన. హీరో రిక్ ఎదురుచూస్తున్న ప్రియురాలు ఇల్సా రాదు, ఆమె ఉత్తరం వస్తుంది. చదువుతుంటే చినుకులు పడి అక్షరాల సిరా కారిపోతుంది. రిక్ కోటు తడిసి ముద్దవుతుంది. అతను రైలెక్కుతాడు, ఎక్కేసరికి కోటు పొడిగా ఉంటుంది! ఇంత పెద్ద పొరపాటు కంటి ముందే జరుగుతున్నా హాల్లో ఎవరూ కిమ్మనరు. చూసేవాళ్లు ఇంకా ఆ ఉత్తరం దగ్గరే ఆగిపోయి ఉంటారు. కోటు ఎవడిక్కావాలి?

ఎడిటర్లు దీన్ని బాగా ఎరుగుదురు. 'అపోకలిప్స్ నౌ'కి పనిచేసిన వాల్టర్ మర్చ్ తన పుస్తకంలో, ఎక్కడ కట్ చెయ్యాలో తేల్చే ఆరు సంగతులకు మార్కులు వేశాడు. సీనులోని భావానికి 51 శాతం. మనుషులూ వస్తువులూ ఎక్కడున్నారన్న లెక్కకు 4 శాతం. రెండూ కుదరకపోతే కింది నుంచి వదులుకుంటూ రమ్మన్నాడు. అంటే మనం తప్పు అంటున్న చాలావాటిని ఎడిటర్ చూశాడు, చూసే వదిలేశాడు.

మన కళ్లు కూడా అతనికే సాయం చేస్తాయి. 1997లో డేనియల్ లెవిన్, డేనియల్ సైమన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని మాట్లాడుకునే చిన్న ఫిల్ము తీశారు. అందులో కావాలనే తొమ్మిది తేడాలు పెట్టారు. ఒకామె మెడలో స్కార్ఫు మాయమై మళ్లీ వస్తుంది, బల్ల మీద ప్లేట్ల రంగు మారుతుంది. మామూలుగా చూసినవాళ్లకు దాదాపు ఏమీ కనబడలేదు.

ఇక షాటులోకి మైకు దిగిందని పాత సినిమాల కెమెరామన్లను ఆడిపోసుకోవడం. సగం సందర్భాల్లో పాపం వాళ్లది కాదంటాను. హాల్లో వెడల్పుగా కనబడడానికి ఫ్రేము పైనా కిందా కప్పేసేలా తీసిన సినిమాలు చాలా ఉన్నాయి. ఆ కప్పును ప్రొజెక్టరు దగ్గర సరిగ్గా పెట్టకపోయినా, టీవీ కోసం తీసేసినా, ఎవరూ చూడకూడని భాగం బయటపడుతుంది, మైకుతో సహా.

అసలు లేని తప్పులు కూడా ఊళ్లు ఏలుతుంటాయి. 'బెన్‌హర్' (1959) రథాల పందెంలో చార్ల్‌టన్ హెస్టన్ చేతికి వాచీ ఉందని చూసినట్టే చెప్పేవాళ్లు అప్పట్నుంచీ ఉన్నారు. ఆ సీనులో తనకు మోచేతి దాకా తోలు పట్టీలున్నాయని హెస్టనే చెప్పాడు. అందుకే ఏ తప్పునైనా విని నమ్మకూడదు, సినిమా పెట్టి, వెనక్కి తిప్పి, ఆపి చూసుకోవాలి.

ఆపి చూసినా తేలనివీ ఉన్నాయి. 'ద షైనింగ్' (1980)లో జాక్ నికల్సన్ టైపు చేస్తూ భార్య మీద విరుచుకుపడే సీనులో, అతని వెనక గోడవారన కుర్చీ ఒక షాటులో ఉంటుంది, తర్వాతి షాటులో ఉండదు, ఆపైన మళ్లీ వస్తుంది. కూబ్రిక్ అంతటివాడు పొరపడడు, అది దయ్యాల హోటలు కాబట్టి కావాలనే తీయించాడని వాదించే అభిమానులు కోకొల్లలు. 'రూమ్ 237' (2012) అని ఆ సినిమా మీది ఇలాంటి వాదాలతోనే ఒక డాక్యుమెంటరీ కూడా వచ్చింది. నాకు మాత్రం ఆ కుర్చీలో దయ్యం కనబడదు. ఒకే సీనుకు టేకు మీద టేకు తీయించే పేరున్న డైరెక్టరు ఆయన. కుర్చీ ఉన్న టేకులో నికల్సన్ చూపు బాగా పడి, కుర్చీ లేని టేకులో గొంతు బాగా పలికి ఉంటే, కూబ్రిక్ కుర్చీ కోసం ఆ రెంటిలో ఒకటి వదులుకునే మనిషి కాదు.